పార్లమెంటు సభ్యుని కార్యాలయములో శిక్షణ

పార్లమెంటు సభ్యుని కార్యాలయములో పని నేర్చుకొను అవకాశము పట్టభద్రులకు కలదనిన మన గ్రామములలో పలువురు నమ్మరు. అట్టి స్థానములు రాజధానివారికో, సిఫారసు గలవారికో దక్కునని తలంతురు. కొంతవరకు అది నిజమే. అయినను గ్రామములో పెరిగినవారికి మాత్రమే తెలిసిన సంగతులు ఆ కార్యాలయములకు అవసరమని మేము చెప్పదలచితిమి.

ఇంటర్న్‌షిప్ అని వాడుకలోనున్న ఈ శిక్షణలో గుమాస్తా పనికంటె చదువు పనియే ముఖ్యము. లోక్‌సభలో ప్రశ్న అడుగదలచిన సభ్యుడు కనీసము 15 పూర్తి దినములు ముందుగా నోటీసు ఈయవలెను. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి సభలోనే సమాధానము చెప్పును. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేనిదానికి వ్రాతమూలకముగా మాత్రమే జవాబు వచ్చును. ఆ అనుబంధ ప్రశ్నలకు కావలసిన లెక్కలు వెదకి, పాత సమాధానములు పరిశీలించి, సారాంశమును ఒక పుటలో సభ్యునికి అందించుట సహాయకుని పని.

ఇందుకొక మార్గము పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ అను సంస్థ 2010లో ప్రారంభించిన ల్యాంప్ ఫెలోషిప్. ఒక్కొక్క పట్టభద్రుని ఒక్కొక్క పార్లమెంటు సభ్యునివద్ద నియమించి, వర్షాకాల సమావేశములు మొదలు బడ్జెటు సమావేశముల ముగింపు వరకు ఢిల్లీలో పని చేయింతురు. ఏ విషయములో పట్టము పొందినను అర్హులే. వయస్సు 25 సంవత్సరములు దాటరాదు. నెలనెలా భృతి ఈయబడుట పేద కుటుంబములకు పెద్ద ఊరట. ఆంగ్లమున వ్రాయుట తప్పనిసరి గనుక, ప్రకటన వెలువడకముందే అభ్యాసము మొదలిడుట మేలు.

సభ్యుని కార్యాలయమునకు నేరుగా లేఖ వ్రాయుట మరియొక మార్గము. ఇందు భృతి ఉండునన్న హామీ లేదు. మకాము, భోజనముల ఖర్చు ఎవరిదో ముందే అడుగుడు. అది అమర్యాద కాదు. స్థానమిప్పింతుమని రుసుము కోరు దళారులకు పైస కూడ ఈయకుడు.

లేఖను పొగడ్తలతో నింపుట పలువురి అలవాటు. అంతకంటె, ఆ సభ్యుడు ఇదివరకు అడిగిన ప్రశ్నలను పార్లమెంటు వెబ్‌సైటులో చదివి వ్రాయుడు. ఏ పని ఎవరిదో తెలియుట మరింత ముఖ్యము. రైల్వేలు, తపాలా, జాతీయ రహదారులు కేంద్రమునకు చెందును. చెరువులు, పోలీసు రాష్ట్రమునకు చెందును. చెరువు తూము మరమ్మతుపై పార్లమెంటులో ప్రశ్న తయారుచేసెదనని వ్రాసిన లేఖ బుట్టదాఖలగును. మీ ఊరి రైలుగేటు ఏ వేళ ఎంతసేపు మూయుచున్నారో, బడిపిల్లలు, రోగులు ఎంతసేపు ఆగుచున్నారో వారము దినములు గుర్తించి వ్రాసితిరా, అట్టి లేఖ రాజధానిలో చదివినవారు వ్రాయజాలరు. చెరువు సంగతియే మీ మనసులోనున్నచో మీ శాసనసభ్యునికి వ్రాయుడు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175, తెలంగాణ శాసనసభలో 119 స్థానములు కలవు.

లేఖ ఒక పుట దాటరాదు. రెండు వారములలో జవాబు రానిచో మరల వ్రాయుడు. సభ్యుడు నియోజకవర్గమునకు వచ్చినపుడు స్వయముగా కలిసికొనవచ్చును. సమావేశములు జరుగు దినములలో మాత్రము సిబ్బందికి ఊపిరి సలుపదు.