అలసిన ఆత్మకు నూతన బలము

క్రైస్తవ జీవితములో కష్టకాలము వచ్చునా రాదా యని ప్రశ్నింపనక్కరలేదు. అది వచ్చినపుడు మనమేమి చేయవలెనన్నదే ప్రశ్న. వాన తప్పి వేరుసెనగ పైరు ఎండిన యేడు, పరీక్షలో తప్పిన విద్యార్థి యింటికి పోవుటకు జంకిన దినము, తల్లి మంచము పట్టిన మాసము, ఇట్టి వేళలందు పెదవులు ప్రార్థన పలుకుచుండినను హృదయము ఎండిన బావివలె నుండును. అప్పుడు చుట్టునున్నవారు సాధారణముగా చెప్పు మాట యొకటి కలదు: "నీకు విశ్వాసము చాలదు, ఇంకను గట్టిగా ప్రార్థింపుము." ఆ మాట మంచి యుద్దేశముతోనే చెప్పబడును. అయినను అలసిన యెద్దును ములుకోలతో పొడిచి నాగలి లాగించినట్లు, అది బలహీనుని మరింత క్రుంగజేయును. దేవుడు అలసినవారిని ఏ క్రమమున లేవనెత్తునో పరిశుద్ధ గ్రంథమునుండియు, మన సీమలోనే జరిగిన యొక వైద్యసేవ చరిత్రనుండియు నేర్చుకొనుటయే ఈ పాఠముయొక్క యుద్దేశము.

రాజుల మొదటి గ్రంథము 18వ అధ్యాయమున ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతముపై జయము పొందెను. 19వ అధ్యాయము తెరచినంతనే, ఆ ప్రవక్తయే యెజెబెలు రాణి బెదిరింపునకు వెరచి పారిపోవుట చూచుచున్నాము. అతడు బేయేర్షెబాలో తన దాసుని విడిచి, అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, ఒక చెట్టుక్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. గొప్ప జయము పొందిన మరునాడే గొప్ప నిరాశ రాగలదని దీనివలన తెలియుచున్నది. నిరాశ కలుగుట అవిశ్వాసమునకు నిశ్చయమైన గురుతు కాదు.

ఇప్పుడు దేవుడు చేసిన పనిని గమనింపుడు. దూత వచ్చి ఏలీయాను గద్దింపలేదు, ఉపదేశమును చేయలేదు. నిద్రించువానిని మెల్లగా తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెను, నీళ్లను చూపెను. అతడు తిని త్రాగి మరల పరుండెను. దూత రెండవమారు వచ్చి మరల భుజింపుమనెను. చేయవలసిన ప్రయాణము అతని శక్తికి మించినదని తెలిపెను. మొదట నిద్ర, ఆహారము. పిమ్మట 40 దినముల నడక. ఆ పిమ్మటనే హోరేబు కొండయొద్ద దేవుని స్వరము. మన దేహము మంటితో చేయబడినదని సృష్టికర్త మరువలేదు. మనమే దానిని మరచుచున్నాము.

దేహవైద్యమున ఇట్టి క్రమమునే మన సీమలో ఒక సంస్థ అనేక సంవత్సరములు నడిపినది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో నాడు చేరియుండిన మదనపల్లెలో, 1912వ సంవత్సరమున క్షయరోగుల కొరకు ఒక ఆరోగ్యశాల ప్రారంభింపబడెను. ఒక్క మిషనుచే కాదగిన పని కాదు గనుక, అనేక మిషనులు కూడి దానిని స్థాపించినవి. డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అను వైద్యుడు దానికి తొలి యధిపతి. 1915లో అది పట్టణమునకు వెలుపలనున్న మెట్టప్రదేశమునకు మార్చబడినది. ఆ స్థలమునకే ఆరోగ్యవరమని పేరు.

క్షయరోగమునకు కారణమైన సూక్ష్మక్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొనెను. అయినను దానిని చంపు మందు 1940వ దశకము వరకు లోకమున లేకుండెను. కావున ఆ కాలమున వైద్యులు నమ్ముకొనినవి మూడు: స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారము, సంపూర్ణ విశ్రాంతి. కొందరికి రొమ్ములోనికి గాలి నెక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తికి కూడ విశ్రాంతి నిచ్చుచుండిరి. రోగి నెలల తరబడి మంచముపై కదలక పరుండవలెను. కూలి చేసి కుటుంబమును పోషించువానికి ఇది యెంత కఠినమైన యాజ్ఞయో యోచింపుడు. జ్వరము తగ్గిన పిమ్మట కొద్దికొద్దిగా నడక, ఆ తరువాత తేలికపాటి పని. లేచి పరుగెత్తవలెనను ఆతురపడినవానికి రోగము తిరుగబెట్టు భయముండెను.

అయితే ఇక్కడ సత్యమును పూర్తిగా చెప్పవలెను. విశ్రాంతి ఆ క్రిములను చంపజాలదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. దాని వెనుక మరికొన్ని మందులు వచ్చెను. 1959లో వెలువడిన మద్రాసు పరిశోధనలో, మందులు క్రమముగా పుచ్చుకొను రోగులు ఇంటనుండియు ఆరోగ్యశాలలోనివారితో ఇంచుమించు సమానముగా స్వస్థపడుదురని రుజువాయెను. ఆరోగ్యవరము పిమ్మట అన్ని వ్యాధులకును చికిత్స చేయు వైద్యశాలగా మారెను. కావున విశ్రాంతి రోగికి బలమును కూడదీయు కాలమే గాని, మందు వేరు.

ఆత్మవిషయమందును ఇట్లే. రొట్టెయు నిద్రయు ఏలీయాను హోరేబువరకు నడిపించినవి. ప్రాణమిచ్చు మాటను అతడు హోరేబునందే వినెను. అదియు పెనుగాలిలో గాని, భూకంపములో గాని, అగ్నిలో గాని కాదు. వాటి తరువాత వచ్చిన మెల్లని స్వరములో వినెను. దేహమును నిర్లక్ష్యపెట్టి స్వరము కొరకు కాచుకొనువాడు త్రోవలోనే పడిపోవును. దేహమును సేదదీర్చుకొని అంతటితో తృప్తిపడువాడు చెట్టుక్రిందనే నిలిచిపోవును. ఈ రెండు తప్పులును మనకు తగవు.

ఆ స్వరము ఏలీయాతో చేసిన పనులు మూడు. మొదటిది, అతని మొరను విన్నది. తానొక్కడనే మిగిలితినని అతడు రెండుమారులు ఒకే మాటలతో మొరపెట్టెను. దేవుడు రెండుమారులును విన్నాడు. రెండవది, అతని లెక్కను సరిదిద్దినది. ఒక్కడు కాదు, ఇశ్రాయేలులో 7,000 మంది మిగిలియున్నారు. మూడవది, అతనికి మరల పనియు, ఆ పనిలో తోడుగా ఎలీషాను ఇచ్చినది.

దీనినిబట్టి మనము ఆచరింపదగిన సంగతులు నాలుగు కలవు.

1. ప్రార్థనలో ఉన్నదున్నట్లు చెప్పుడు. కీర్తనల గ్రంథములో మొరలు అనేకములున్నవి. 88వ కీర్తన చీకటిలోనే ముగియుచున్నది. అయినను అది దేవునితోనే చెప్పబడినది గనుక ప్రార్థనయే.

2. దేహమును చూచుకొనుడు. వేళకు భుజింపుడు, నిద్రింపుడు. దుఃఖము వారముల తరబడి విడువక, చనిపోవలెనను తలంపు కలిగించుచున్నయెడల, ఆలసింపక పెద్దలకు తెలిపి వైద్యుని చూడుడు. ఇది విశ్వాసమునకు విరోధము కాదు. దూత తెచ్చిన రొట్టెను ఏలీయా త్రోసివేయలేదు.

3. ఒంటరిగా నుండకుడు. ఏలీయా తన దాసుని విడిచిన దినముననే మరణము కోరెను. నమ్మదగిన ఉపాధ్యాయునితో గాని, సంఘకాపరితో గాని, స్నేహితునితో గాని భారము చెప్పుకొనుడు. ఇతరుడు మీయొద్దకు అట్లు వచ్చినయెడల, ముందుగా ఉపదేశింపక, ముందుగా వినుడు, ఆకలిగొనియున్నాడేమో అడుగుడు.

4. చిన్న పనిని మానక చేయుడు. నేడు క్షయరోగి సాధారణముగా 6 నెలలు మందు పుచ్చుకొనవలెను. కొన్ని వారములకే జ్వరము తగ్గి ఆకలి కలుగును. స్వస్థపడితినని యెంచి మందు మానినవానికి రోగము తిరుగబెట్టును, ఆ మందులకు లొంగని రూపమునను రావచ్చును. ఉజ్జీవ కూటములలో కన్నీళ్లు విడిచి వెలుగును పొందినవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ఆ వెలుగు నిజమైనదే. అయితే మరుసటి సోమవారము ఉదయమున చదువు వాక్యభాగము, చేయు ప్రార్థన, పొరుగువానికి చేయు ఉపకారము, ఇవే దానిని నిలుపును.

యెషయా 40వ అధ్యాయపు చివరను ప్రవక్త దేవునికొరకు ఎదురుచూచువారి నూతన బలమును వర్ణించుచు, మొదట పక్షివలె ఎగురుటయు, పిదప పరుగెత్తుటయు, చివరకు నడచుటయు చెప్పియున్నాడు. ఈ వరుస మనకు విపరీతముగా తోచవచ్చును. కాని ఎగురు దినములు కొన్నియే. నడువవలసిన దినములు పెక్కు. సొమ్మసిల్లక నడచుటకు కావలసిన బలమే అన్నిటికంటె ఎక్కువగా మనకక్కరయైనది.

ప్రియ విద్యార్థులారా, మీలో ఎవరైనను ఈ యేడు చెట్టుక్రింద కూర్చున్నవారుండవచ్చును. మీరు విడువబడినవారు కారు. తినుడు, విశ్రమింపుడు, మీ భారము చెప్పుడు, పిమ్మట లేచి నడువుడు. అలసినవారిని ఎరిగిన ప్రభువు మనకందరికిని అట్టి బలము ననుగ్రహించును గాక.