కళాశాల తెరచుటకు ముందు: ఉధ్నా విద్యార్థుల ఆరోగ్య సన్నాహము

సూరత్ నగరపు దక్షిణ భాగమున నున్న ఉధ్నా పేరు వినగానే మరమగ్గములు జ్ఞప్తికి వచ్చును. తెలంగాణ జిల్లాలలో చేనేత వృత్తి సన్నగిల్లగా బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు ఇచటను, ప్రక్కనున్న లింబాయత్ నందును పెక్కు కలవు. వారి పిల్లలలో కొందరు నగరపాలక సంస్థ నడుపు తెలుగు బడులలో అక్షరములు నేర్చి, పిమ్మట కళాశాలలలో చేరుచున్నారు. 1967లో నెలకొల్పబడి, 2004లో కవి నర్మద్ పేరు దాల్చిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయము ఉధ్నా–మగ్‌దల్లా రోడ్డు మీదనే యున్నది.

సెమిస్టరునకు సిద్ధపడుట యనగా రుసుము చెల్లించి, పుస్తకములు కొనుటయే యని పలువురు తలంతురు. కాని ఇంటిలో మొట్టమొదట కళాశాల గడప త్రొక్కిన పిల్లవాడు చదువు మానుకొనుటకు తెలివి చాలకపోవుట అరుదుగా కారణమగును. నిద్రలేమి, జ్వరము, హాజరు తగ్గుట, అందువలన కలిగిన భయము, ఇవి ఒకదాని వెంట నొకటి వచ్చును. వీనిలో మొదటి రెండింటిని ముందుగానే అరికట్టవచ్చును.

నిద్ర సంగతి చూతము. మగ్గముల షెడ్లలో 12 గంటల షిఫ్టు సాధారణము. వేసవి సెలవులలో తండ్రికి సాయముగా రాత్రి షిఫ్టునకు పోయిన యువకుడు పగలు నిద్రించుటకు అలవాటుపడును. జూన్‌లో తరగతులు మొదలు కాగానే ఉదయము బల్లమీద తల వాల్చును. శరీరములోని గడియారము ఒక్క రాత్రిలో త్రిప్పినంతనే తిరుగునది కాదు. దినమునకు ఇంచుమించు ఒక గంట చొప్పున మెల్లగా జరుగును. కావున తరగతులకు రెండు వారములు ముందే రాత్రి పని మాని, ఒకే వేళకు పరుండి ఒకే వేళకు లేచుట అభ్యసింపవలెను. లేచిన వెంటనే కొంతసేపు ఎండ వెలుతురున తిరిగినచో అలవాటు త్వరగా కుదురును. పదునెనిమిది సంవత్సరములు దాటినవారికి కనీసము 7 గంటల నిద్ర కావలెను. పగలు చదివిన విషయము మనస్సున పాదుకొనునది నిద్రలోనే యగుటచే, ఆ గంటలు వ్యర్థమని తలంపరాదు.

ఈ సలహా చెప్పుట సులభము. కూలి మీటర్ల లెక్కన వచ్చు ఇంటిలో ఆచరించుట కష్టము. అందుచేత సెమిస్టరు మధ్యలో గొడవపడుటకంటె, ముందుగానే తల్లిదండ్రులతో కూర్చుండి, ఏ దినములలో పని చేయవచ్చును, పరీక్షల మాసమున ఎంత మానవలెను అని కాగితముపై వ్రాసికొనుట మేలు. పరీక్షల తేదీలు తెలియగానే అదే కాగితమున చేర్చి గోడకు అంటింపవలెను. ఇంటివారందరికి కనబడుటయే దాని ప్రయోజనము.

మగ్గముల రొద మరియొక చిక్కు. దినమునకు 8 గంటలపాటు 85 డెసిబెళ్లకు మించిన ధ్వని వినుట చెవులకు హాని. మగ్గముల షెడ్డులో ధ్వని తరచు అంతకు మించును. పని ముగిసిన పిదప చెవులలో గుయ్యిమనుట హెచ్చరికగా గ్రహింపవలెను. షెడ్డులో చెవిబిరడాలు ధరింపవలెను. చదువునకు గ్రంథాలయమునో, రొద సోకని చుట్టముల ఇంటినో ముందే చూచుకొనవలెను.

ఆహార విషయమున, ఒక కప్పు చాయతో పరుగెత్తుట ఇచటి విద్యార్థుల సామాన్య దోషము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏండ్ల బాలికలలో 59 శాతమునకు రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తహీనత గల పిల్ల సోమరిగా కనబడును గాని నిజముగా సోమరి కాదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, నిమ్మరసము మేలు. భోజనముతో పాటు చాయ త్రాగినచో ఇనుము ఒంటబట్టదు. 19 ఏండ్ల లోపువారికి వారమునకు ఒకటి చొప్పున ఇచ్చు ఇనుము మాత్రలకై నగరపాలక ఆరోగ్య కేంద్రమున విచారింపవలెను.

తరగతులును వానలును ఒకేసారి వచ్చును. 2006 ఆగస్టున తాపీ వరదలో నగరములో అధికభాగము మునిగినది. అంతటి వరద రాకున్నను, లింబాయత్‌లో మీఠీ ఖాడీ పొంగుట కొత్త కాదు. ఆ నీటిలో ఎలుకల మూత్రము కలియుటచే లెప్టోస్పైరోసిస్ వ్యాపించును. కాలికి పుండు, గాయము గలవారు అందు నడువరాదు. తప్పనిసరియైనచో బూట్లు తొడిగి, ఇంటికి వచ్చి సబ్బుతో కడుగుకొనవలెను. డెంగీ దోమ పగటిపూట కుట్టును. నిలువ చేసిన మంచినీటిలోనే పెరుగును. నీళ్ల డ్రమ్ములను వారమునకు ఒకమారు ఖాళీచేసి, తోమి, మూత పెట్టవలెను.

తెలుగు బడి నుండి వచ్చినవారికి గుజరాతీ, ఇంగ్లీషు పాఠములు మొదట బెదురు పుట్టించును. ఆ దిగులు వారముల తరబడి వీడక, ఆకలి నిద్రలు చెడినచో 14416 నంబరునకు ఫోను చేయవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ ఇది. తెలుగున కూడ మాటలాడవచ్చును, ఖర్చు లేదు.

జ్వరము రెండు దినములలో తగ్గనిచో రక్తపరీక్ష చేయింపవలెను. డెంగీ అనుమానమున్నచో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మ్రింగరాదు. పారాసిటమాల్ మాత్రమే, అదియు వైద్యుడు చెప్పిన మోతాదున. వైద్యుని చీటీ నకలును అదే వారమున కళాశాల కార్యాలయమున ఇచ్చి ఉంచవలెను. హాజరు లెక్కించు వేళ అది అక్కరకు వచ్చును.