గ్రామసభలో వీడియో ప్రదర్శనము: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

తెర మీది బొమ్మ క్రొత్త విషయమును నేర్పుటకు ఎంతగా ఉపకరించునో మన పెద్దలు ఎరుగుదురు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దములలో సమాచార శాఖ వాహనములు గ్రామములకు వచ్చి, రాత్రివేళ తెల్లని తెర కట్టి, వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములపై చిత్రములను చూపెడివి. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ‘సైట్’ అను ప్రయోగము జరిగినది. అందులో ఒక అమెరికా ఉపగ్రహము సాయమున 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ దినములలో ఏమి చూపవలెనో నిర్ణయించువారు దూరమున నుండిరి. నేడు కంప్యూటరు, ప్రొజెక్టరు, ఇంటర్నెట్ గల పంచాయతీ తన గ్రామసభకు ఏది అవసరమో తానే ఎంచుకొనవచ్చును. ఈ స్వేచ్ఛతోపాటు బాధ్యతయు వచ్చినది.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 ప్రకారము గ్రామసభ కనీసము రెండు నెలలకొకసారి జరుగవలెను. పనులు మాని వచ్చిన ప్రజల కాలము విలువైనది. దానిని సద్వినియోగము చేయు మార్గములలో స్లైడు ప్రదర్శనమొకటి. విషయమును పుటలుగా వ్రాసి, ఒకదాని వెంట ఒకటిగా తెరపై చూపుటయే స్లైడు ప్రదర్శనము. నడుమ అవసరమైన చోట వీడియోను చేర్చినచో మాటలతో వివరింపరాని పని కన్నులకు కట్టును.

ఉదాహరణమునకు మహబూబాబాద్ జిల్లాలోని కురవిని తీసికొందము. వీరభద్రస్వామి ఆలయముచే ప్రసిద్ధి చెందిన ఈ ప్రాంతమున మిరప ముఖ్యమైన పంటలలో ఒకటి. 2021-22 పంట కాలమున నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రముల మిరప రైతులను తీవ్రముగ నష్టపరచినది. అది పూలలో చేరి రసము పీల్చును, పూత రాలిపోవును. మందులను విచక్షణ లేక మరల మరల చల్లినచో ఖర్చు పెరుగునే కాని పురుగు అదుపులోనికి రాదని శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. నీలిరంగు జిగురు అట్టలను వాడుమనిరి. పూవును విదిలించి పురుగును గుర్తించుట, అట్టలను చేనిలో కట్టుట నోటితో చెప్పుటకంటె చూపుట మేలు. గ్రామసభలో ఇట్టి వీడియో చూపదలచిన సభ్యుడు ఏమి చేయవలెను?

మొదటి పని సరియైన వీడియోను ఎంచుట. ఫోనులో చేతులు మారి వచ్చిన ప్రతిదియు నమ్మదగినది కాదు. దానిని తయారుచేసినవారెవరు, ఏ సంవత్సరమున చేసిరి, ఏదైన మందును అమ్ముటకై చేసిరా అని విచారింపవలెను. జిల్లాలోని మల్యాల కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని, వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులను గాని ముందుగ సంప్రదించుట మంచిది. పంచాయతీ తెరపై చూపిన దానిని ప్రజలు పంచాయతీ మాటగానే గ్రహింతురు. తప్పుడు సలహాను నమ్మి మందు కొన్న రైతు నష్టమునకు మనము జవాబు చెప్పుకొనవలసి వచ్చును.

రెండవది వీడియోను స్లైడులో చేర్చుట. యూట్యూబులో వీడియో క్రిందనున్న ‘షేర్’ను నొక్కి, దాని చిరునామాను కాపీ చేసికొనవలెను. పవర్‌పాయింట్‌లో ‘ఇన్సర్ట్’ అను శీర్షికలో ‘వీడియో’ను, అందు ‘ఆన్‌లైన్ వీడియోస్’ను ఎంచి, ఆ చిరునామాను అతికింపవలెను. గూగుల్ స్లైడ్స్‌లోను ‘ఇన్సర్ట్’, ‘వీడియో’ అను మార్గమే. అందు వీడియో ఏ నిమిషమున మొదలై ఏ నిమిషమున ముగియవలెనో కూడ నిర్ణయించు వీలున్నది. పావుగంట వీడియోలో మనకు కావలసినది మూడు నిమిషములే అయినచో అంతవరకే చూపవచ్చును. కొందరు యజమానులు తమ వీడియోను ఇతర చోట్ల చేర్చుటకు అనుమతింపరు. అట్టిది స్లైడులో ఆడదు.

ఇచ్చట ముఖ్యముగ గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. ఇట్లు చేర్చిన వీడియో మన కంప్యూటరులోనికి రాలేదు. స్లైడులో నున్నది దాని చిరునామా మాత్రమే. వీడియో ఎక్కడో దూరమున నున్న యంత్రములలో నుండి, నొక్కినప్పుడు ఇంటర్నెట్ ద్వారా వచ్చును. ఇంటర్నెట్ ఆగినచో వీడియో ఆడదు. యజమాని దానిని తొలగించినను అంతియే. ఆఫీసులో చక్కగా ఆడినది సభాస్థలమున ఆడకపోవుటకు ఇదియే సాధారణ కారణము.

కావున రెండవ ఏర్పాటు ముందే సిద్ధముగ నుండవలెను. యూట్యూబు వీడియోలను అనుమతి లేక దింపుకొనుట నియమములకు విరుద్ధము. సంబంధిత శాఖను అడిగి వీడియో ఫైలునే తీసికొనవచ్చును. అంతకంటె మేలైన మార్గము మన గ్రామములోనే దానిని తీయుట. అనుభవజ్ఞుడైన రైతు అనుమతి పొంది, ఆయన చేనిలో ఫోనును అడ్డముగ పట్టి, మూడు నాలుగు నిమిషములు చిత్రీకరింపవచ్చును. పవర్‌పాయింట్‌లో ‘ఆన్‌లైన్ వీడియోస్’కు బదులు ‘దిస్ డివైస్’ను ఎంచినచో ఆ ఫైలు ప్రదర్శనములో భాగమగును; ఇంటర్నెట్ లేకున్నను ఆడును. రెండును సాధ్యము కానిచో ముఖ్యమైన దశలను ఫోటోలుగా స్లైడులలో పెట్టుకొనవలెను.

సామాన్యులు కెమెరా పట్టగలరా అని సందేహింపనక్కరలేదు. జహీరాబాద్ ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు విత్తనములపైనను, చిరుధాన్యములపైనను చిత్రములు తీసి దేశదేశముల మెప్పు పొందిరి.

ఇక చూపు విధానము. 2006లో ఆరంభమైన డిజిటల్ గ్రీన్ అను సంస్థ తొలుత కర్ణాటక గ్రామములలో స్థానిక రైతులతో తీసిన వీడియోలను రైతు బృందములకు చూపినది. అచ్చట వీడియోను ఊరక ఆడించి వదలలేదు. గ్రామమునకు చెందిన వ్యక్తి ఒకరు నడుమ నడుమ ఆపి, ప్రశ్నలడిగి, సందేహములు వినిరి. సాధారణ వ్యవసాయ విస్తరణతో పోల్చినప్పుడు ఈ పద్ధతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చినదని 2009లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. మనమును వీడియోకు ముందొక ప్రశ్న స్లైడును, తరువాత చర్చకొక స్లైడును ఉంచవలెను. తండాల నుండి వచ్చినవారికి సారాంశమును లంబాడీ భాషలో చెప్పగలవారిని ప్రక్కన నుంచుకొనవలెను.

సభకు ముందు రోజు అదే స్థలమున ఒకసారి ఆడించి చూడుడు. ల్యాప్‌టాప్ శబ్దము చివరి వరుసకు వినబడదు. మైకు సెట్టుకు కలుపవలెను. పగటి వెలుగులో తెర వెలవెలబోవును. గది గాని, సాయంకాలము గాని అనుకూలము. యూట్యూబు వీడియోకు ముందు ప్రకటన రావచ్చును. సభ ఆరంభమునకు ముందే సరిచూచుకొనవలెను.

చివరగా, చూపిన వీడియో పేరును, దానిని తీసినవారి పేరును సభ కార్యక్రమముల పుస్తకములో వ్రాయించుడు. మరుసటి సభలో ఆ సలహాను ఎందరు ఆచరించిరో, ఫలితమెట్లున్నదో అడుగుడు. తెరపై బొమ్మ చక్కగా ఆడినంత మాత్రమున మన పని ముగియదు. ఒక్క మిరప రైతైనను అనవసరమైన మందు ఖర్చు నుండి తప్పించుకొన్ననాడు ఆ ప్రదర్శనము సఫలమైనదని చెప్పవచ్చును.