సోటోను వదులుకోవడం సబబేనా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. మా అబ్బాయికి వాషింగ్టన్ నేషనల్స్ బేస్‌బాల్ జట్టంటే ప్రాణం. హువాన్ సోటో అంతటివాణ్ని ఇచ్చేసి ఊరూపేరూ తెలియని కుర్రాళ్లను తెచ్చుకున్నారని ఇప్పటికీ బాధపడతాడు. నిజంగా నష్టపోయారా?

జవాబు: అతని బాధలో న్యాయముంది. 2019లో వరల్డ్ సిరీస్ గెలిపించినవాళ్లలో సోటో ఒకడు. 2022 ఆగస్టులో శాన్ డియేగో పాడ్రెస్‌కు పంపేనాటికి అతనికి 23 ఏళ్లే. కానీ 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని అప్పటికే కాదన్నాడు. 2024 సీజన్ ముగిస్తే నచ్చిన జట్టుకు వెళ్లిపోవచ్చు. నిజంగానే ఆ డిసెంబరులో 76.5 కోట్ల డాలర్లకు మెట్స్ జట్టుతో సంతకం చేశాడు. అంతవరకూ ఆగి ఉంటే నేషనల్స్‌కు దాదాపు ఏమీ మిగిలేది కాదు.

వచ్చినవాళ్లలో జేమ్స్ వుడ్‌ను చూడమనండి. అప్పుడతను మైనర్ లీగుల కింది మెట్టున ఉన్న 19 ఏళ్ల కుర్రాడు. ఎడమచేతి వాటమైనా బంతిని లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటించగల బలం! అతనూ పిచర్ మెకంజీ గోర్ కూడా 2025లో ఆల్‌స్టార్లు. షార్ట్‌స్టాప్ సీజే ఏబ్రమ్స్ 2024లోనే.

అయినా 2025లో జట్టు 96 మ్యాచ్‌లు ఓడింది. నా దృష్టిలో ఆ బేరం సరైనదే. ఈ కుర్రాళ్ల చుట్టూ గట్టి జట్టును కట్టకపోవడమే యాజమాన్యం చేసిన తప్పు. మీ అబ్బాయి కోపం దానిమీద చూపిస్తే నేనూ అతని పక్షమే.