పలకమీదికి దిగిన రహస్యము

గదికి తాళము వేసినచో గదిలోని మాట బయటికి పోదని పెక్కుమంది తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు నిజమో మన మార్కాపురపు పలకతోనే పరీక్షింతము.

ఒక పాఠశాలలో ప్రశ్నపత్రము ప్రధానోపాధ్యాయుని బీరువాలో నున్నదనుకొందము. దానిని చదువుటకు గణితోపాధ్యాయునికి అధికారము కలదు, విద్యార్థికి లేదు. తరగతిలోని పలకపై ఉపాధ్యాయుడు వ్రాయవచ్చును, విద్యార్థి చదువవచ్చును. ఈ అధికారములలో నొక్కటియు తప్పు గాదు. అయినను ఉపాధ్యాయుడు పత్రమును చదివి అందలి లెక్కను పలకమీద వ్రాసెనేని, బీరువా తాళము చెక్కుచెదరకయే రహస్యము విద్యార్థికి జేరును. దీనినే అక్రమ సమాచార ప్రవాహ మందురు.

కంప్యూటరులందును ఇట్లే. పెద్ద కార్యాలయములలో అధికారమును వ్యక్తికి గాక హోదాకు ఇత్తురు; గుమాస్తా చూడదగినవి కొన్ని, తహసీలుదారు చూడదగినవి కొన్ని. 1992లో అమెరికా దేశమున డేవిడ్ ఫెరాయిలో, రిచర్డు కూన్ అనువారు ఈ పద్ధతిని శాస్త్రరీతిని వివరించిరి. గిద్దలూరు ఉద్యోగి కంభమునకు బదిలీ అయినచో అతని హోదా మార్చిన చాలును, వేయి తాళపుచెవులు మార్చనక్కఱలేదు. సౌకర్యము గొప్పదే. కాని ఈ పద్ధతి "ఎవరు చూడవచ్చును?" అని యడుగునే గాని, "చూచినది ఎక్కడ వ్రాయుచున్నాడు?" అని యడుగదు. లోపమంతయు అచ్చటనే యున్నది.

2023 మార్చిలో హైదరాబాదులోని తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను ప్రశ్నపత్రములు బయటికి పొక్కెను. రహస్య విభాగపు కంప్యూటరునుండి పెన్ డ్రైవుమీదికి ప్రతులు తీసిరని పోలీసుల అభియోగము. పరుల సంకేతపదము వాడిరన్నది తాళము దొంగిలించుట వంటిది. పెన్ డ్రైవుమీద వ్రాయనిచ్చుట మన పలక కథయే. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూపు 1 ప్రాథమిక పరీక్ష రద్దాయెను. దానిని వ్రాసినవారు 2,80,000 మందికి పైబడియుండిరి. పుస్తకము ముందుంచుకొని నిదుర మానిన పేదబిడ్డలు వారిలో ఎందఱో!

నివారణ యెట్లు? 1976లో డొరోతీ డెన్నింగు అను విదుషీమణి సమాచారపు తరగతులకు ఒక క్రమము నేర్పఱచి, దాని ననుసరించియే ప్రవాహము సాగవలెనని చూపెను. హోదాల పద్ధతికి దానిని అన్వయించినచో నియమ మిది: ఒకడు వ్రాయబోవునప్పుడు యంత్రము అతడు అంతకుముందు చదివినవానిని జ్ఞప్తి చేసికొనవలెను. వ్రాతను చదువగల హోదాలలో నే యొక్కదానికైన ఆ మూలములను చదువు అధికారము లేనిచో, వ్రాతను ఆపవలెను.

ఇందొక చిక్కు కలదు. యంత్రము చదివినదేదో యెఱుగును, మనసులోని యుద్దేశ మెఱుగదు. ప్రశ్నపత్రము చూచిన ఉపాధ్యాయుడు పలకమీద రెండవ యెక్కమును వ్రాయబోయినను అది అడ్డుపడును! కావున, మా యభిప్రాయమున, పత్రము కూర్చువానికి ఆ తరగతి బోధన నొప్పగింపకుండుటయే చౌకయైన యుపాయము. అట్లు వీలుపడనిచోట రహస్యమునకు గడువు పెట్టవలెను. పరీక్ష ముగిసిన గంట మ్రోగినపిమ్మట యంత్రము ఆ పత్రముపై ముద్ర నెత్తివేయును. అప్పుడు అవే లెక్కలను ఉపాధ్యాయుడు అందఱియెదుట పలకమీద చేసి చూపవచ్చును.