రాత్రి కాక్‌పిట్, పగలు ఆఫీసు

ఇంట్లో అందరూ పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఫ్లైట్ సిమ్యులేటర్‌లో శంషాబాద్ నుంచి తిరుపతికి ఎయిర్‌బస్ ఎ320 నడిపేవాళ్లు మనలో ఉన్నారు. తెల్లారితే వాళ్లలో ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు సాఫ్ట్‌వేర్ టెస్టరు, మరొకరు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లను ఒక ప్రశ్న వదలదు: ఇంత ఇష్టంగా చేసే ఈ పని అన్నం పెడుతుందా? పెడుతుంది. సిమ్యులేటర్ ముందు కూర్చున్నప్పుడు మీ సమయం ఎక్కువగా దేనికి పోతోందో గమనించుకోండి. మీకు సరిపడే ఉద్యోగం ఏదో అక్కడే తెలుస్తుంది.

అందరి మనసూ పైలట్ సీటు మీదే ఉంటుంది కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేద్దాం. ఇంట్లో సిమ్యులేటర్ మీద వేల గంటలు నడిపినా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్కలో అవి సున్నా. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణలో కొంత భాగాన్ని సిమ్యులేటర్ మీద చేయనిస్తారు గానీ అది ఆమోదం పొందిన శిక్షణ పరికరమై ఉండాలి, మీ బల్ల మీది జాయ్‌స్టిక్ కాదు. ఖర్చు అర కోటి పైమాటే. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే ఆ పైన ఫలానా రకం విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగ్ ఖర్చు వేరే. అందుకే చెబుతున్నాను, ఫ్లయింగ్ స్కూలుకు ఫీజు కట్టకముందే, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టకముందే క్లాస్ 2 మెడికల్, దాని తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయించుకోండి. కంటి దగ్గరో చెవి దగ్గరో ఆగిపోయే పనైతే అప్పు చేశాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు. ఇంకో విషయం. ఇంట్లో సిమ్యులేటర్‌కు అలవాటుపడ్డ విద్యార్థి అద్దంలోంచి బయటికి చూడడం మాని మీటర్ల మీదే కళ్లు పెడతాడని ఇన్‌స్ట్రక్టర్లు అంటుంటారు. చెక్‌లిస్టులు, ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు మాత్రం మిగతావాళ్ల కంటే త్వరగా పట్టుబడతాయి. రెండూ నిజమే.

సిమ్యులేటర్ పట్టుకున్నవాళ్లలో కొందరికి విమానం నడపడం కంటే అందులో తప్పెక్కడుందో పట్టుకోవడం మీదే మోజు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే. ఫ్లైబైవైర్ ఎ320ని తీసుకోండి. ఔత్సాహికులు కలిసి తయారుచేసి ఉచితంగా ఇచ్చిన సిమ్యులేటర్ విమానం ఇది. కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తుంది. దిగేటప్పుడు ఫ్లైట్ ప్లాన్‌లోంచి ఒక వేపాయింట్ (దారిలో గుర్తుగా పెట్టుకునే బిందువు) మాయమైందనుకోండి. "సరిగ్గా పనిచేయడం లేదు" అని ఒక ముక్క రాసి ఊరుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఏ వెర్షన్, ఏ రూటు, ఎంత ఎత్తులో ఉండగా ఏ బటన్ నొక్కారు, మాన్యువల్ ప్రకారం ఏం జరగాలి, నిజానికి ఏం జరిగింది, మళ్లీ అలాగే చేస్తే మళ్లీ అదే వస్తోందా? ఇవన్నీ రాసి లాగ్ ఫైలు జతచేసిన రిపోర్టు డెవలపర్లకు బంగారం. ఏవియానిక్స్ కంపెనీల్లో వెరిఫికేషన్ ఇంజినీర్లు జీతం తీసుకుని చేసే పని దీనికి చాలా దగ్గర. విమానంలోకి ఎక్కే సాఫ్ట్‌వేర్‌ను డీఓ-178సీ అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. తప్పు జరిగితే ఎంత నష్టమో దాన్నిబట్టి ఎ నుంచి ఇ దాకా ఐదు స్థాయిలు ఉంటాయి. ఎ స్థాయిలో లోపం ఉంటే విమానమే కూలిపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలని రాసుకున్నారో ఆ ప్రతి మాటకూ ఒక టెస్టు ఉండాలి, ఆ టెస్టుకు రికార్డు ఉండాలి.

హైదరాబాద్‌లో హనీవెల్, కాలిన్స్, సైయెంట్ లాంటి కంపెనీలకు ఏరోస్పేస్ విభాగాలున్నాయి. షాపింగ్ యాప్‌లు టెస్ట్ చేసీ చేసీ విసిగిపోయిన ఇంజినీరుకు ఇది అందని ద్రాక్షేమీ కాదు. ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లో ఏ పేజీ తర్వాత ఏ పేజీ వస్తుందో కొత్తగా చేరినవాళ్లకు కూర్చోబెట్టి నేర్పాలి. మీకు అది కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. మీకు తక్కువైంది సీ భాష, డీఓ-178సీ పద్ధతి. ఆ రెండూ నేర్చుకోగలిగినవే.

ఈ దారిలో ముందే నడిచినవాళ్లున్నారు. 2020లో కొత్త మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు అందులో కాక్‌పిట్‌లోని గార్మిన్ నావిగేషన్ స్క్రీన్లలో చాలా లోటుపాట్లుండేవి. వర్కింగ్ టైటిల్ పేరుతో కొందరు ఔత్సాహికులు తీరిక వేళల్లో కూర్చుని వాటిని బాగుచేసి, అందరికీ ఉచితంగా పంచారు. 2021లో మైక్రోసాఫ్ట్ ఆ బృందాన్నే పిలిచి అధికారికంగా ఆ పని అప్పగించింది. వాళ్ల పనిని అప్పటికే లోకమంతా వాడి చూసింది. అంతకంటే మంచి సిఫారసు ఏముంటుంది?

చేతిపని ఇష్టమైనవాళ్లకు, అంటే పాత కీబోర్డులు విప్పి ఓవర్‌హెడ్ ప్యానెల్ తయారుచేసుకునేవాళ్లకు, సిమ్యులేటర్ మెయింటెనెన్స్ ఉద్యోగం ఉందని తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఎయిర్‌లైన్ పైలట్లు శిక్షణ పొందే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్లు హైదరాబాద్‌లోనూ, బెంగళూరు, గురుగ్రామ్, గ్రేటర్ నోయిడాల్లోనూ ఉన్నాయి. ఆరు కాళ్ల మీద నిలబడి కదిలే ఈ యంత్రాల్లో డి స్థాయి అన్నిటికన్నా పైది. అసలు విమానం నుంచి సేకరించిన కొలతలతో ఒక పరీక్షల పుస్తకం ఉంటుంది. టేకాఫ్‌లో ఒక ఇంజిన్ ఆగిపోతే ముక్కు ఎంత పక్కకు తిరగాలి, స్టిక్ మీద ఎంత బలం పడాలి లాంటివి అందులో ఉంటాయి. ఏడాది పొడవునా ఆ పరీక్షలు మళ్లీ మళ్లీ నడిపి, వచ్చిన గీత అసలు గీతకు అనుమతించిన తేడాలోపే ఉందని టెక్నీషియన్లు చూపించాలి. పగలంతా శిక్షణ నడుస్తుంది కాబట్టి మరమ్మతు ఎక్కువగా రాత్రి పనే. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా గానీ బీటెక్ గానీ ఉంటే ప్రయత్నించండి. సైనిక శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేసే జెన్ టెక్నాలజీస్ కూడా హైదరాబాద్‌ కంపెనీయే.

మీ సరదా హెడ్‌సెట్ పెట్టుకుని, సిమ్యులేటర్ పైలట్లు ఆన్‌లైన్‌లో కలిసే వాట్‌సిమ్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరుగా కూర్చోవడమైతే, క్యాలెండరు ముఖ్యం. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు జనరల్ అభ్యర్థుల వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఆ సబ్జెక్టులు చదివిన ఇంజినీరింగ్ గానీ కావాలి. రాతపరీక్షలో వాట్‌సిమ్ అనుభవానికి మార్కులుండవు. ఫిజిక్స్, మ్యాథ్స్ పుస్తకాలు తీయాల్సిందే. ఆ తర్వాత వాయిస్ టెస్ట్ ఉంటుంది. సిమ్యులేటర్ అలవాటు అక్కడి నుంచీ అక్కరకొస్తుంది. కంట్రోలర్ చెప్పిన ఎత్తు, దిశ, ప్రెషర్ సెట్టింగ్‌లను పైలట్ తిరిగి చెప్పాలి. ఆ తిరిగి చెప్పిన దాంట్లో ఒక్క అంకె మారినా చెవి పట్టేయాలి. ఏళ్ల తరబడి విని విని ఆ చెవి తయారై ఉన్నవాళ్లు బేగంపేట, ప్రయాగ్‌రాజ్ శిక్షణ కేంద్రాల్లో తడబడరు. మీకు 25 ఏళ్లుంటే ఈ నోటిఫికేషన్ కోసం ఇప్పటి నుంచే చూస్తూ ఉండండి.

నడపడం కంటే ఇంధనం లెక్కలు, గాలి, ప్రత్యామ్నాయ విమానాశ్రయాలు చూసుకుని ప్లాన్ వేయడమే ఎక్కువ నచ్చేవాళ్లు ఫ్లైట్ డిస్పాచర్ ఉద్యోగం గురించి కనుక్కోవాలి. ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ కంట్రోల్‌లో అదొక ముఖ్యమైన బాధ్యత, దానికి డీజీసీఏ ఆమోదం కూడా కావాలి.

ఉన్న ఉద్యోగం వదలకుండానే సిమ్యులేటర్‌కు సీనరీలు (విమానాశ్రయాలు, ఊళ్ల దృశ్యాలు) తయారుచేసి అమ్ముకుందాం అనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. బయటి సంపాదన గురించి, మీరు తయారుచేసినవాటి హక్కుల గురించి చాలా కంపెనీలు అందులో రాసే ఉంచుతాయి. పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారని విప్రో 2022లో 300 మందిని తీసేసింది. మీది పోటీ పని కాకపోయినా హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆ పని ముట్టుకోవద్దు.

రెజ్యూమెలో "హాబీలు: ఫ్లైట్ సిమ్యులేషన్" అని చివరి వరుసలో రాసి వదిలేస్తే చదివేవాళ్లు దాన్ని ఆట అనుకుంటారు. మీరు రాసిన బగ్ రిపోర్టులు, సరిచేసిన కోడ్, తయారుచేసిన ప్యానెల్ ఫోటోలు, దాని వైరింగ్ బొమ్మ ఒకచోట పెట్టి, ఆ లింకును పైన అనుభవం కింద ఇవ్వండి. ఉద్యోగాల సైట్లలో పైలట్ అనే మాటతో వెతకడం ఆపి ఏవియానిక్స్ వెరిఫికేషన్, సిమ్యులేటర్ ఇంజినీర్, ఫ్లైట్ డిస్పాచ్ అనే మాటలతో అలర్ట్‌లు ఈ రాత్రే పెట్టుకోండి.