మూడో రాత్రికి ముందే అడగాల్సిన మాట

చెల్లె, కొత్తగా వార్డు డ్యూటీలో చేరావని తెలిసినప్పటి నుంచి నీతో ఈ సంగతి మాట్లాడాలనుకుంటున్నా. కాన్యులా పెట్టడం, కేస్‌షీట్ రాయడం ఎవరో ఒకరు నేర్పుతారు. మంచం మీది మనిషి ఒక్కసారిగా లేచి చెయ్యెత్తితే ఏం చేయాలో మాత్రం కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. "జర జాగ్రత్త బిడ్డా" అంటారు, అంతే.

మన తాండూరు వైపు సంగతే చూద్దాం. కరణ్‌కోట నాపరాయి గనిలో పనిచేసే మల్లన్న అనే మనిషి కాలు విరిగి దవాఖానకు వచ్చాడనుకో. మొదటి రోజు నొప్పికి మూలుగుతాడే తప్ప ఎవరినీ పల్లెత్తు మాట అనడు. రెండో రోజు సాయంత్రానికి వేళ్లు వణుకుతాయి, దిండు చెమటతో తడిసిపోతుంది, అన్నం సహించదు. ఫ్రాక్చర్ కేసే కదా అని ఎవరూ అంతగా పట్టించుకోరు. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ దుప్పటి దులపడం మొదలుపెడతాడు. సెలైన్ పీకేస్తాడు. విరిగిన కాలుతోనే మంచం దిగబోతాడు, పట్టుకోవడానికొచ్చిన భార్యను నెట్టేస్తాడు. వార్డంతా "తాగుబోతు వేషాలు" అంటుంది. నిజానికి ఆయన మూడు రోజులుగా చుక్క ముట్టలేదు. ఆయనను అట్లా చేసింది ఆ మానడమే.

సారాయి, మందు సంగతి ఒకెత్తు, మన పల్లెల్లో కల్లు సంగతి ఇంకో ఎత్తు. చెట్టు కల్లుతో ఈ బాధ ఇంతగా ఉండదు. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లుతోనే అసలు ప్రమాదం. అది రోజూ తాగే మనిషికి తెలియకుండానే ఒంట్లో నిద్రమాత్రల అలవాటు నాటుకుపోతుంది. ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, పిచ్చిచూపులు, ఫిట్సు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేస్తే, కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం బారులు తీరారు. 2021 జనవరిలో మన వికారాబాద్, నవాబుపేట మండలాల్లోనే కల్తీ కల్లు తాగి వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి.

అందుకే అడ్మిషన్ రోజే అడుగు. "తాగుతవా?" అంటే అందరూ లేదనే అంటారు. పక్కన అత్తామామ ఉంటారు, పరువు ఉంటుంది. "కాకా, రోజుకెన్ని సీసాలు? ఆఖరుసారి ఎప్పుడు తాగినవ్?" అని, షుగర్ ఉందా అని అడిగినంత మామూలుగా అడుగు. భార్యను పక్కకు పిలిచి ఇంకోసారి అడుగు. ఆడవాళ్లను, ముసలవ్వలను కూడా అడగాలి సుమా. మన దగ్గర పొలం పనికి పోయొచ్చి సీసా తాగే ఆడవాళ్లు ఎందరో! వాళ్లను అడగడం మనకు తోచదు, మూడో రోజు అవ్వ ఒళ్లు తెలియకుండా అరుస్తుంటే వయసు మీద పడిందనుకుంటాం. ఈ ఒక్క సమాధానం డాక్టర్‌కు చేరితే చికిత్స వేళకు మొదలవుతుంది. చెప్పకపోతే గొడవ ఆపడానికి ఏదో ఒక మత్తు సూది పడుతుంది. ఉత్త హాలోపెరిడాల్ ఇస్తే ఇట్లాంటి మనిషికి ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. ఈ పాటి ప్రశ్నకు మన కేస్‌షీట్లలో ఒక గడి ఎందుకు ఉండదా అని నాకు నిజంగా బాధేస్తుంది.

తిరగబడ్డ ప్రతి మనిషీ కల్లు మనిషే అనుకోకు. షుగర్ పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా, జ్వరం తలకెక్కినా, తలకు దెబ్బ తగిలినా మనిషి ఇట్లాగే మారిపోతాడు. మూత్రం బిగబట్టి, చెప్పుకోలేక గింజుకునే ముసలాయనను మొండివాడనుకుంటాం. దగ్గరికి వెళ్లనిచ్చిన నిమిషంలోనే షుగర్, ఆక్సిజన్, ఒళ్లు వేడి, పొత్తికడుపు చూసెయ్.

ఇక మనిషి తిరగబడే ఆ నిమిషం గురించి. ముందు నీ ఒళ్లు చూసుకో. మెడలో స్టెతస్కోపు, ఐడీ కార్డు తాడు, వదిలేసిన జడ, ఇవన్నీ ఆయన చేతికి దొరికే పగ్గాలే. తీసి జేబులో పెట్టుకో, జడ ముడి వేసుకో. కత్తెర, సెలైన్ స్టాండు దూరంగా జరపమను. పక్క మంచం వాళ్లను బయటికి పంపు. చెయ్యి చాపితే అందనంత దూరంలో, రెండు చేతుల పొడవు వదిలి, కాస్త పక్కకు తిరిగి నిలబడు. తలుపు నీకు దగ్గరగా ఉండాలి, కానీ ఆయన దారికి అడ్డం పడకు. మూలకు నెట్టినట్టు అనిపిస్తే మెత్తటి మనిషి కూడా మీద పడతాడు.

మాట్లాడేది ఒక్కరే కావాలి. వార్డుబాయ్ ఒక దిక్కు నుంచి, ఆయా ఇంకో దిక్కు నుంచి, బావమరిది తలాపు నుంచి అరుస్తుంటే ఆ తలలోకి ఏ మాటా ఎక్కదు. "మల్లన్న కాకా, నేను సిస్టర్‌ని. నీ కాలుకు దెబ్బ తాకింది, దవాఖానల ఉన్నవ్. నిన్నెవ్వరేం చెయ్యరు." ఇంతే. ఆగు. వినలేదా, అదే మాట అదే గొంతుతో మళ్లీ. ఎమర్జెన్సీ సైకియాట్రీలో పనిచేసే అమెరికా వైద్యులు 2012లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది: చిన్న మాటలు, ఓపిగ్గా, పదిసార్లైనా సరే. సేడం, చించోళి వైపు నుంచి వచ్చినవాళ్లయితే "అంజబ్యాడ్రి" అను. ఉర్దూ ఇంటివాళ్లయితే "డరో మత్ చాచా" అను. భయంలో ఉన్న మనిషికి ఇంటి మాట తొందరగా అందుతుంది.

"చీమలు ఏడున్నయ్, పిచ్చా నీకు?" అనకు. ఉన్నాయనీ చెప్పకు. "నీకు కనవడుతున్నయ్ గదా, భయమైతది. నేనీడనే ఉంట" అను. తర్వాత ఆయనే ఎంచుకునేలా చిన్న ఎంపిక ఏదైనా ఇవ్వు: "నీళ్లు తాగుతవా, జరసేపు కూసుంటవా?" గీత గీయాల్సిన చోట కూడా మెల్లగానే గియ్యి: "స్టాండు కింద పెట్టు కాకా, అప్పుడు దగ్గరికొస్త." ఇవేవీ పనిచేయక చెయ్యి లేస్తే వెనక్కి వచ్చెయ్. మనుషులను పిలువు. అది పిరికితనం కాదు చెల్లె, నువ్వు కింద పడితే ఆయనను చూసుకునేదెవరు?

కట్టేయడం గురించి గట్టిగా చెబుతున్నా. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలోని మానసిక రోగుల శరణాలయంలో మంటలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. ప్రమాదం ముంచుకొచ్చి, ఇంకే దారీ లేనప్పుడే, చికిత్స చేస్తున్న మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంతసేపే కట్టాలని, శిక్షగా కట్టకూడదని చెప్పింది. మామూలు వార్డులో మనమూ ఆ మాటే పట్టుకుందాం. డాక్టర్ రాసిస్తేనే. మెత్తటి గుడ్డతో, రెండు వేళ్లు దూరేంత వదులుగా. బోర్లా పడుకోబెట్టి మీద కూర్చోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఊపిరి ఆగిపోతుంది. పావుగంటకోసారి వేళ్ల రంగు, శ్వాస చూడు. గోలగా ఉన్న మనిషి ఉన్నట్టుండి నిమ్మళించాడంటే సంతోషించేముందు ఊపిరి చూడు.

ఒంటి మీద స్పృహ లేక కొట్టిన రోగి వేరు, బిల్లు గురించో చావు గురించో మీదపడే బంధువుల గుంపు వేరు. వాళ్ల కోసం 2008 నాటి మన రాష్ట్ర చట్టం ఉంది, ఆసుపత్రి సిబ్బందిపై చెయ్యి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు. రోగి కొట్టినా సరే, దెబ్బ తగిలితే దాచుకోకు. చికిత్స చేయించుకో, ఇన్‌చార్జి సిస్టర్‌కు రాసివ్వు. నర్సు అన్నాక ఇవన్నీ మామూలే అనే మాట విని ఊరుకోకు. ఎన్ని గంటలకు, ఏ మంచం దగ్గర, ముందు ఏం జరిగింది అన్నది కాగితం మీద ఉంటేనే రాత్రి డ్యూటీకి ఇంకో మనిషిని అడగగలుగుతాం.

అట్లా దెబ్బ తగిలిన రాత్రి నీకు నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చెయ్. టెలీమానస్ అనే ఆ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. అది రోగులకే కాదు, మనకూ. పొద్దున హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు మాత్రం "ఏడో మంచం, కాలు ఫ్రాక్చర్" అని వదిలేయకు. ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు అన్నది కూడా చెప్పు.